ఎడమ నలభై ఒకటి, కుడి నలభై మూడు

నౌకాదళంలో చేరేదాకా
నా పాదాలు రెండూ కవలలనే అనుకున్నాను.
పుంతా అరేనస్ గిడ్డంగిలో మొదటిరోజు
సార్జెంట్ వుకాసోవిచ్ కొలబద్ద పెట్టి
రెండుసార్లు కొలిచి, కళ్లద్దాలు తుడుచుకుని
మూడోసారి కొలిచి
వరసలో అందరికీ వినపడేలా చదివాడు:
ఎడమ నలభై ఒకటి, కుడి నలభై మూడు.

పందొమ్మిదేళ్లుగా వాటిమీదే నిలబడ్డవాణ్ణి.
మా చిలోయే దీవిలో అమ్మ అల్లిన ఉన్ని మేజోళ్లు
ఏ కాలికి ఆ కాలంత సాగి
నోరు మెదపలేదు.

సాయంత్రానికి పేరు పడింది: ఒకటిన్నర.
ఎవారిస్తో అన్నవాడు ఆనాటినుంచి
జీతాల పట్టీలోనే బతికాడు.

అక్కడ పేర్లు అలాగే పడేవి,
గొడుగు తెరిచేలోపు పడే వానలా.
వంటవాడు బార్రియా, మేనత్త.
ఎవడు కంచంలో బంగాళాదుంప ముక్క వదిలినా
దానివంకే చూస్తూ నిట్టూర్చేవాడు.
ఇంజిన్ గది ఓయార్సున్ పేరు, రేపు.
ఎందుకో చెప్పక్కర్లేదు.
లెఫ్టినెంటుకి పెట్టిన పేరు ఇక్కడ రాయను,
ఆయన భార్య ఇంకా ఉంది, చదువుకున్న మనిషి.

నా గురించి నాకు తెలిసొచ్చినవి ఇంకొన్ని:
గుర్రంలా నిలబడి నిద్రపోగలను, కళ్లు తెరిచి.
మంచు కురవబోతే నాలుక మీద ఇనుము రుచి.
నేను పాడితే ఓడలో ఎలుకలు బయటికొస్తాయి,
వినడానికో పారిపోవడానికో
ముప్పై ఏళ్లు వాదించినా తేలలేదు.
పొగమంచు బూర మోగే అరనిమిషం ముందే మెలకువ,
బూరే లేని ఈ ఇంట్లో కూడా
తెల్లవారుజాము నాలుగింటికి.

అసలు సంగతి బూట్లది.
ఏటా నా పేర రెండు జతలు రాసేవాడు వుకాసోవిచ్.
నేను తొడగనివి రెండు మంచం కింద మిగిలేవి,
నాలోంచి లేచి ఎటో వెళ్లినవాడు
విడిచిపెట్టిపోయినట్టు.
నాలుగో ఏడు ప్వెర్తో విలియమ్స్ గిడ్డంగినుంచి ఉత్తరం:
ఇక్కడ నవెల్కిన్ అని ఒకడున్నాడు,
ఎడమ నలభై మూడు, కుడి నలభై ఒకటి,
వంకరగా నడుస్తాడని పీత అంటాం,
మీ దగ్గరేమైనా ఉన్నాయా?

మావాళ్లు మొహం చూడకుండానే వాడికి
అద్దం అని పేరు పెట్టేశారు.

అప్పట్నుంచి ఓడలమీద మా బూట్లు
ఒంటరిగా ప్రయాణం చేశాయి.
వాడు లోపల పాత పత్రిక కుక్కి పంపేవాడు,
సగం పూరించిన పదకేళితో.
మిగతా సగం నేను పూరించి
వాడి బూటులో కుక్కి తిప్పిపంపేవాణ్ణి.
"దక్షిణపు పక్షి, అయిదక్షరాలు" దగ్గర
ఏడాదిన్నర తగువు నడిచింది.

మా ఓడ విలియమ్స్ రేవుకి మూడుసార్లే వెళ్లింది.
ఒకసారి వాడు సెలవులో, ఒకసారి అపెండిసైటిస్‌లో.
మూడోసారి గాలి మమ్మల్ని దిగనివ్వలేదు.
గట్టుమీద ఎవరో పక్కకి పక్కకి నడుస్తూ
చెయ్యెత్తినట్టనిపించింది.
ఆ గాలిలో అందరూ అలాగే నడుస్తారు.

ఇప్పుడు కొట్లో జతలే అమ్ముతారు.
నేను నలభై ఒకటి కొని కుడిది పంపుతాను,
వాడు నలభై మూడు కొని కుడిది పంపుతాడు.
ఏ సైజండీ అనడిగిన అమ్మాయికి
రెండూ అంటే నవ్వింది, ముసలాయన హాస్యమనుకుని.

ఈ మార్చిలో వాడి బూటు వచ్చింది.
కొత్తదే, నూనె పట్టించి ఉంది.
లోపల పత్రిక మడత విప్పాను.
గడులన్నీ నిండి ఉన్నాయి,
పక్షితో సహా, నేను చెప్పిన పక్షే.

ఆ రాత్రి చాలాసేపు
బూటు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.
పొద్దున్నే వెళ్లి నలభై ఒకటి కొన్నాను.
ఆనాటి పత్రిక మడిచి
ఒక్క గడి కూడా ముట్టకుండా
కుడి బూటులో కుక్కి
పడవకి అందించాను.